అక్క పెట్టిన ఆనవాలు

మాగాయ ముక్కలకి ముందు ఉప్పు పట్టించాలా, పసుపు పట్టించాలా అని హైమావతి ఫోన్ చేసి అడిగితే నీరదకి నవ్వొచ్చింది. పప్పులో ఉప్పెంతో కూడా వీడియో చూసి వేసుకునే మనిషి నీరద. వేసవి వస్తే బాపట్లలో తమ వీధిలో సగం ఇళ్ళకి మాగాయ పెట్టి పంచే అక్క, వంటిల్లంటే పారిపోయే చెల్లెల్ని పట్టుకుని అడిగే ప్రశ్నేనా ఇది.

"నన్నడుగుతున్నావేంటక్కా, ఎండ తగిలిందా?"

"లేదే. ముక్కలు తరిగి ముందు పెట్టుకుని కూర్చున్నా. చెయ్యి దానంతటది పోతుందిలే అనుకున్నా. పోవట్లేదు."

అవతల నవ్వు వినపడలేదు. నీరద కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అమ్మ ఎట్లా కలిపేదో గుర్తు చేసుకుందామని చూశానే," అంది హైమావతి మళ్ళీ. "అమ్మ ఫోటోలో ఉన్నట్టే గుర్తొస్తోంది. కదలట్లేదు."

ఆ మాట విన్నాక నీరదకి ఆ రోజు చేతిలోని పని ముందుకి సాగలేదు.

వాళ్ళమ్మ పోయేనాటికి నీరదకి ఏడాదిన్నర. హైమావతి తొమ్మిదో తరగతి. నాన్న రైల్వేలో గార్డు, ఇంట్లో ఉన్న రోజులకంటే రైల్లో ఉన్న రోజులే ఎక్కువ. పెంచింది అక్కే. నీరదకి జడ వేసిందీ, ఎక్కాలు చెప్పిందీ, ఇంజనీరింగులో సీటొచ్చినప్పుడు హాస్టల్లో దింపి బస్టాండులో ఏడ్చిందీ అక్కే. అమ్మ ఎలా ఉండేదో నీరదకి తెలియదు. చిన్నప్పుడు ఒకసారి అడిగింది. అక్క జవాబు చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి, చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అమ్మ ప్రసక్తి తేవడం మానేశారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తేలేదు, అంతే.

హైమావతి ఇప్పుడు బాపట్లలో జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్. నీరద గుంటూరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. అక్కడ తయారైందే 'ఆనవాలు'.

మొదట్లో అది మామూలు సరుకే. ఇంటర్నెట్టులో ఏ పేజీ చదువుతున్నా నచ్చిన వాక్యం కింద గీత గీసుకోవచ్చు, పక్కన అంచులో నాలుగు మాటలు రాసుకోవచ్చు. ఆ గీతలూ మాటలూ తోటివాళ్ళందరికీ కనిపిస్తాయి. పేజీకి ఒక పేరు తగిలించి దాచుకుంటే, అదే పేరు తగిలించిన ముక్కూమొహం తెలియనివాళ్ళ పేజీలు కూడా వచ్చి పక్కన చేరతాయి. పరిశోధకులూ, పరీక్షలకి చదివే పిల్లలూ ఇలాంటివి ఏనాటినుంచో వాడుతున్నారు. ఒకళ్ళు చదివినది పదిమందికి కలిసొస్తుంది కదా.

నీరదకి అది చాల్లేదు. అంచులో రాసిన మాట చదివితే అవతలివాళ్ళు ఏమన్నారో తెలుస్తుంది గానీ, వాళ్ళకి ఎలా అర్థమైందో తెలియదు. తెలివైనవాళ్ళ నోట్సు తెచ్చుకుని చదివినా బుర్రకెక్కని బాధ ఆమె చదువుకున్నన్నాళ్ళూ పడింది. అందుకని మెదడు సంగతులు తెలిసిన రిజ్వానాతో కలిసి ఒక పట్టీ చేసింది. తలకి రిబ్బను లాగా కట్టుకోవాలి. అది కట్టుకుని గీత గీస్తే, ఆ క్షణంలో మీకు అర్థమైన తీరు కూడా ఆ గీతకి అంటుకుంటుంది. ఇంకొకరు పట్టీ కట్టుకుని ఆ గీతని తెరిస్తే, మీకు తట్టినట్టే వాళ్ళకీ తడుతుంది.

మొదటి పరీక్షకి మనిషి కావలసి వస్తే నీరద అక్కని పిలిచింది. హైమావతి ఆదివారం పొద్దున్నే టిఫిన్ క్యారేజీతో దిగింది. పట్టీ కట్టబోతే జుట్టు రేగుతుందని విసుక్కుంది. రిజ్వానా కంప్యూటరులో ఏదో పాఠం పెట్టింది. ఆస్మాసిస్. పొరకి ఒకవైపు పలచటి నీళ్ళు, ఇంకోవైపు చిక్కటి ఉప్పునీళ్ళు ఉంటే, పలచటి వైపునుంచి నీరు పొరగుండా చిక్కటి వైపుకి వెళుతుంది. హైమావతి ఆ వాక్యం కింద వేలితో గీత గీసి, అంచులో 'మాగాయ ఊట' అని రెండే మాటలు రాసింది.

పక్క గదిలో నీరద పట్టీ కట్టుకుని ఆ గీత తెరిచింది.

ముందు వాసన వచ్చింది, పచ్చి మామిడికాయ జీడి వాసన. తర్వాత పెద్ద పింగాణీ బేసిన్, అందులో పసుపు పట్టిన ముక్కలు. వాటిని అడుగునుంచి పైకి తిరగేస్తున్న రెండు చేతులు. మోచేతి దాకా ఉప్పూ పసుపూ. పచ్చ గాజులు. బేసిన్ అడుగున పసుప్పచ్చ నీళ్ళు నిలిచి ఉన్నాయి. మొహం కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది: నీళ్ళు మనం పొయ్యలేదే హైమా, ఉప్పు అడిగింది, ముక్క ఇచ్చింది.

నీరద పట్టీ తీసి బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పని చేసిందా?" అని అడిగింది రిజ్వానా.

"చేసింది. ఆస్మాసిస్ అర్థమైంది," అంది నీరద.

ఇంజనీరింగులో పట్టా, దానిమీద ఇంకో పట్టా ఉన్న మనిషికి ఆ రోజుదాకా ఆస్మాసిస్ అర్థం కాకపోవడం వేరే విషయం. అమ్మని చూశానని మాత్రం ఆమె చెప్పలేదు. అక్క బయట వరండాలో ఇడ్లీలు వడ్డిస్తోంది. అక్కకీ చెప్పలేదు.

తర్వాత ఆనవాలు జనంలోకి వెళ్ళింది. హైమావతి తన పాఠాలన్నిటికీ గుర్తులు పెట్టింది. వాటన్నిటిలో పిల్లలు ఎగబడి తెరిచింది ఆ మొదటిదే. తెరిచినవాళ్ళు దానికి 'ఊట' అని పేరు తగిలించి స్నేహితులకి పంపారు, వాళ్ళు ఇంకొకరికి పంపారు. ఆస్మాసిస్ అంటే పేజీ తిప్పేసే పిల్లలు పరీక్షలో దాని గురించి పేజీలు నింపారు. చౌడు నేలల్లో వరి ఎందుకు వాడిపోతుందో పరిశోధిస్తున్న ఒకాయన కూడా దాన్ని దాచుకుని, ఇన్నేళ్ళుగా సూత్రం వచ్చు గానీ సంగతి ఇప్పుడు తెలిసిందని అంచులో రాశాడు. హైమావతి అది చదువుకుని వారం రోజులు గర్వపడింది. మొగుడు పూర్ణచంద్రరావుకి చదివి వినిపిస్తే, అన్నిటికంటే ముందు ఆ మాగాయ ఇంట్లోవాళ్ళకి ఇంకాస్త వెయ్యమన్నాడు.

నీరద మాత్రం రోజూ పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే పరిశోధనశాలకి వచ్చి కాఫీ పక్కన పెట్టుకుని పట్టీ కట్టుకునేది. కాఫీ చల్లారేదాకా ఆ చేతుల దగ్గర ఉండేది. ఒక్కోరోజు కొత్తది ఏదో దొరికేది. బొటనవేలి మీద చిన్న కోత. పైట కొంగు నడుముకి దోపిన తీరు. ముక్క రుచి చూసి నాలుక చప్పరించిన చప్పుడు. ముప్పై ఏళ్ళు దాటాక దొరికిన అమ్మని ఎవరు మాత్రం వదులుకుంటారు. ఇందులో ఎవరికీ నష్టం లేదనే ఆమె అనుకుంది.

అక్క ఫోన్ చేసిన మర్నాడు రిజ్వానా తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎక్కువమంది తెరిచే గుర్తులు పెట్టినవాళ్ళని పిలిపించి ఆమె కొన్నాళ్ళుగా పరీక్షలు చేస్తోంది. పోయిన నెల హైమావతి కూడా వచ్చి వెళ్ళింది.

"మీ అక్క మాగాయ అనే మాట వింటే మునుపు మెదడంతా దీపాలు పెట్టినట్టు వెలిగేది," అంది రిజ్వానా. "ఇప్పుడు ఆస్మాసిస్ దగ్గర కాస్త వెలుగుతోంది. మిగతాదంతా చీకటి."

ఆనవాలు ఎలా పనిచేస్తుందో నీరదకి తెలియనిది కాదు. అర్థమైనదాన్ని డబ్బాలో పోసి దాచలేరు. దాని చిరునామా మాత్రమే దాస్తారు. ఎవరైనా తెరవాలంటే, గుర్తు పెట్టిన మనిషి మనసులోనే ఆ జ్ఞాపకాన్ని మళ్ళీ లేపాలి. గుర్తులు పెట్టేవాళ్ళు పట్టీ కట్టుకుని నిద్రపోయేది అందుకే. నిన్న ఎంతమంది ఎంతసేపు అడిగారో దాన్నిబట్టి పట్టీ రాత్రి నిద్రలో లేపుతుంది, లేచినదాన్ని మర్నాడంతా పంచుతుంది.

"లేపితే నష్టమేంటి? మనం రోజూ ఎన్ని గుర్తు చేసుకోవట్లేదు," అంది నీరద.

"గుర్తు చేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం పలచబడి, మళ్ళీ తోడుకుంటుంది. తోడుపెట్టిన గిన్నె కదపకుండా ఉంచితేనే కదా పెరుగయ్యేది. మనం మీ అక్క గిన్నెని ప్రతి రాత్రీ కదుపుతున్నాం." అంది రిజ్వానా. "పిల్లల వల్ల కాదు. వాళ్ళు తెరుస్తారు, సంగతి తెలుస్తుంది, మూసేస్తారు. పైపైన కదులుతుందంతే. ఎవరో ఒకళ్ళు రోజూ పొద్దున తెరిచి అక్కడే కూర్చుంటున్నారు. ఎంతసేపు ఉంటే అంత లోపలిదాకా తవ్వుతుంది. ఎవరో మతిలేని మనిషి అనుకున్నా. ఆ తెరిచేది మన ఆఫీసునుంచే."

"నేనే," అంది నీరద.

రిజ్వానా ఆమె మొహంలోకి చూసింది. కోప్పడదామనే వచ్చింది పాపం. "ఎందుకు?" అని మాత్రం అడిగింది.

"మా అమ్మని చూడ్డానికి."

ఆ మధ్యాహ్నమే నీరద బాపట్ల బస్సెక్కింది. దారి పొడుగునా అక్కతో ఏం చెప్పాలో కూడబలుక్కుంది. చీరాల రోడ్డు మలుపు దాటేసరికి కూడబలుక్కున్నదంతా మర్చిపోయింది.

హైమావతి వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. ముందు బేసిన్, అందులో ముక్కలు. చివరికి ఎదురింటావిణ్ణి అడిగి ఉప్పు పట్టించానని చెప్పి, సిగ్గుపడుతూ నవ్వింది. నీరద ఎదురుగా చతికిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. రోజూ తెరిచిన సంగతీ, కాఫీ చల్లారేదాకా కూర్చున్న సంగతీ, రిజ్వానా చెప్పినదీ. చెబుతున్నంతసేపూ బేసిన్‌లోకే చూసింది. అడుగున నీళ్ళు దిగడం మొదలైంది.

హైమావతి ముక్కల్లోంచి చేతులు తీసింది. తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఏమేం పోయినయ్యే?" అంది చివరికి.

"అమ్మ చేతులు. గొంతు. ఆ రోజు మొత్తం. మాగాయతో ముడిపడినవన్నీ."

"మాగాయతో ముడిపడనిది ఏముందే అమ్మ దగ్గర," అంది హైమావతి. "సంవత్సరం పొడుగునా అమ్మ కాస్త కూర్చునేది ఆ నాలుగు రోజులే. నాతో మాట్లాడేదీ అప్పుడే."

నీరద తల ఇంకా కిందికి దించుకుంది.

"అడిగితే చెప్పేదాన్ని కదే," అంది హైమావతి. గొంతులో కోపం లేదు, అదే నీరదకి మరీ కష్టంగా అనిపించింది. "మిషన్ని అడిగావు గానీ నన్ను అడగలేదు."

"ఒకసారి అడిగితే ఏడ్చావక్కా. అప్పుడే అనుకున్నా, ఇంకెప్పుడూ అడగకూడదని."

"ఏడిస్తే ఏం? ఏడుస్తూనే చెప్పేదాన్నిగా."

ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగి, ఒకరినొకరు నొప్పించకూడదని ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నారు. ఆ కట్టుకున్న నోళ్ళ మధ్యలోకి యంత్రం దూరింది. ఇది ఇంకెవరికీ జరిగి ఉండేది కాదని నీరదకి ఆ క్షణాన తెలిసింది. బయటివాళ్ళెవరూ ఆ గీత దగ్గర అంతసేపు కూర్చోరు.

గుర్తు మూసేద్దామంటే హైమావతి వెంటనే ఒప్పుకోలేదు. ఎంట్రన్సు పరీక్షలు దగ్గరపడ్డాయి, పిల్లలు దాని మీదే ఆధారపడ్డారు అంది. ఉన్నది కూడా పోతుందని నీరద బతిమాలింది. చివరికి హైమావతి ఫోన్ తీసుకుని, పట్టీ గిట్టీ లేకుండా, ఆ పేజీ అంచులో మామూలుగా రాసింది. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచండి, మర్నాడు గిన్నెలో నీళ్ళుంటాయి, అవి మీరు పోసినవి కావు, ముక్కలో ఉన్నవే ఉప్పు కోసం బయటికొచ్చాయి, ఇదే ఆస్మాసిస్, మీ ఇంట్లో ఒక్క కాయతో చేసి చూడండి అని. అది రాశాకే మూయనిచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, పిల్లలు చేసి చూశారు, వాళ్ళకి బాగానే అర్థమైంది. ఎటొచ్చీ ఆ సీజనులో కొందరి ఇళ్ళలో పచ్చడికి తెచ్చిన కాయలు తగ్గాయి.

పోయినదాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం మొదట తట్టింది రిజ్వానాకి. ఆ జ్ఞాపకం అక్క దగ్గర లేకపోయినా తెరిచినవాళ్ళందరి దగ్గరా తలా కాస్త ఉంటుంది కదా, అడిగి చూద్దాం అంది. నీరద ఆ పేజీ అంచులోనే ఒక ప్రశ్న పెట్టింది. ఇది తెరిచినప్పుడు మీకు కనిపించిన చేతులు ఎలా ఉన్నాయో రాయగలరా, హైమా మేడంగారికి కావాలి.

పిల్లలు ప్రేమగా రాశారు. మేడం అడిగారంటే రాయకుండా ఎలా ఉంటారు. అక్కాచెల్లెళ్ళు బాపట్ల ఇంట్లో ఒక ఫోన్ ముందు తలలు దగ్గర పెట్టుకుని చదివారు. నరసరావుపేట అమ్మాయి ఎర్రగాజులనీ, చిటికెన వేలు కాస్త వంకరనీ రాసింది. ఇంకో పిల్ల ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉందంది. హాస్టల్లో ఉండే కుర్రాడొకడు చేతులు ముడతలు పడి ఉన్నాయని, అచ్చం మా నాయనమ్మ చేతుల్లాగే ఉన్నాయని, ఆ రోజు ఇంటికి ఫోన్ చేశానని రాశాడు. ఒకమ్మాయి అయితే అవి మగవాళ్ళ చేతులంది. మా ఇంట్లో పచ్చళ్ళు నాన్నే పెడతాడు మేడం అంది.

చదివిన కొద్దీ హైమావతి మొహం చిన్నబోయింది.

"ఎవరి అమ్మని వాళ్ళు చూసుకున్నారే," అంది.

రిజ్వానాకి ఫోన్ చేసి అవన్నీ చదివి వినిపించారు. విని ఆమె, తను మొదటిసారి తెరిచినప్పుడు గోరింటాకు పెట్టుకున్న చేతులు కనిపించాయనీ, అవి తన అమ్మీవని అప్పుడు తట్టలేదనీ ఒప్పుకుంది. వచ్చిన జ్ఞాపకం ఎవరి గిన్నెలో పడితే ఆ గిన్నె ఆకారం తెచ్చుకుంటుందన్నమాట. ఆస్మాసిస్ మాత్రం అందరికీ ఒక్కలాగే అర్థమైంది.

"వాళ్ళ అమ్మని అందరూ చూసుకోలేదు," అంది నీరద హఠాత్తుగా. "నాకు చూసుకోవడానికి వేరే అమ్మ లేదు."

హైమావతి చెల్లెలి వైపు తిరిగింది.

"నా దగ్గర అమ్మ జ్ఞాపకం ఒక్కటీ లేదు కదా. నాది ఉత్త గిన్నె. అందులో పడింది పడ్డట్టే ఉండాలి," అంది నీరద. మాట తడబడింది గానీ కళ్ళు మెరిశాయి. "అందరికంటే ఎక్కువసార్లు చూసింది కూడా నేనే. మొత్తం నా దగ్గరుంది అక్కా. నీకు తిరిగి ఇచ్చేస్తా."

"ఇస్తే నీ దగ్గర తరుగుతుంది," అంది ఫోన్లోంచి రిజ్వానా.

"తరగనీ. నాది కాదుగా అది."

శనివారం రిజ్వానా రెండు పట్టీలు తెచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కట్టుకుని కూర్చుంటే రాత్రిదాకా ఆగక్కర్లేదు. డాబా మీద ముక్కలు ఎండుతున్నాయి, పూర్ణచంద్రరావు కాకుల్ని తోలుతూ పైనే ఉన్నాడు. కింద వరండాలో అక్కాచెల్లెళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నారు. నీరద అదే పేజీ తెరిచి, అదే వాక్యం కింద వేలితో గీత గీసింది. గీస్తూ ఆ చేతుల్ని తలుచుకుంది. బేసిన్ నుంచి గొంతుదాకా ఒక్కటీ వదలకుండా, జాగ్రత్తగా తలుచుకుంది. ఇచ్చేటప్పుడు ఏదీ ఒలికిపోకూడదని ఆమె ఆత్రం.

"తెరు అక్కా."

హైమావతి కళ్ళు మూసుకుంది. ముందు ముక్కు పుటాలు అదిరాయి, మామిడి జీడి వాసన తగిలినట్టుంది. పెదవులు కాస్త విచ్చుకున్నాయి. నీరద అక్క మొహాన్నే చూస్తూ కూర్చుంది. అంతకంటే సంతోషం ఆమెకి ఆ జన్మలో లేదనుకుంది. తర్వాత హైమావతి నుదురు ముడిపడింది. వెనక్కి వాలి, మళ్ళీ ముందుకి వంగింది, ఎవరినో పోల్చుకోవడానికి దగ్గరికి వెళ్ళినట్టు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"అమ్మ కనిపించిందా?" అంది నీరద.

హైమావతి కళ్ళు తెరిచింది.

"ఇవి అమ్మ చేతులు కావే."

"పచ్చ గాజులు ఉన్నాయా? చూడు సరిగ్గా."

"ఉన్నాయి. అమ్మ గాజులే. చెయ్యి సన్నంగా ఉంది, గాజులు జారిపోతుంటే మోచేతి దాకా ఎక్కించుకుంది. వేలి మీద సిరా మరక. బొటనవేలి కోత మీదనుంచి జారిన గుడ్డపీలిక." ఆమె తన కుడిచేయి ఎత్తి, ఎండలో తిప్పి చూసుకుంది. బొటనవేలి మీద సన్నటి తెల్లటి గీత ఇప్పటికీ ఉంది. "ఇవి నా చేతులు నీరూ."

నీరద అక్క చేతిని చూసింది. ఆ గాజులు ఆమె రోజూ చూసినవే. సిరా మరక కూడా చూసింది, మామిడి జీడి మరకేమో అనుకుంది.

"అమ్మ పోయాక మొదటి వేసవి," అంది హైమావతి. "నాన్న డ్యూటీకి పోయాడు. అమ్మ లాగే పెట్టాలని అమ్మ గాజులు వేసుకుని కూర్చున్నా. ముక్కకంటే ముందు వేలు కోసుకున్నా. నువ్వు పక్కనే టెంక చీకుతా కూర్చున్నావు. ఏడుపొస్తే నువ్వు కూడా ఏడుస్తావని, అమ్మ చెప్పిన మాటలే, నా పేరుతో సహా, నీకు చెబుతా కలిపా. ఉప్పు చాలక అంతా బూజు పట్టింది. నాన్న మాట్లాడకుండా తిన్నాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు అంత చిన్నప్పటిది గుర్తుందనుకోలేదే."

"నాకు గుర్తు లేదక్కా. అమ్మే అనుకున్నా."

"ఉంది. నువ్వు చూసిందే ఇది. నా గుర్తు లోపలికొచ్చి, నీ దగ్గరున్న దాన్ని వెతికి పట్టుకుంది."

"అయితే అమ్మ?"

ఆ ప్రశ్నకి హైమావతి మెత్తగా జవాబు చెప్పలేకపోయింది. "అమ్మ నీ దగ్గరా లేదు, ఇప్పుడు నా దగ్గరా లేదు," అంది.

నీరద మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ దొంగతనంగా చూసినందుకు ఏడ్చింది, చూసి కూడా చూడనందుకు ఏడ్చింది. రిజ్వానా లేచి మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. హైమావతి చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది.

"ఇంకొక్కసారి తెరు అక్కా," అంది నీరద ముక్కు తుడుచుకుంటూ. "కాసేపు ఎక్కువ ఉండు. ఇంకా లోపలికి పోతే, అడుగున అమ్మ ఉందేమో. నాది ఏం పోయినా ఫర్వాలేదు. అంతా తీసుకో."

హైమావతి ఆ గీత వైపు చూసింది. చూడాలని ఉన్నట్టు ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది.

"చూడాలనే ఉందే," అంది. "నన్ను అంత ముద్దుగా ఎవరు చూశారు చెప్పు. నాకు పద్నాలుగేళ్ళు, వేలు కోసుకుని, చిరాగ్గా, పిచ్చిదానిలాగా ఉన్నా ఆ రోజు. నీ కళ్ళకి అట్లా లేను."

"మరి చూడు."

హైమావతి తలకున్న పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. రేగిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"నేను చూస్తే నీ దగ్గర తరుగుతుంది. నీకున్న అమ్మ ఆ ఒక్కతే. దాన్ని నేను తీసుకోను."

ఫోన్ అందుకుని, చెల్లెలి వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టి, తనే చెరిపించింది. డాబా మీదనుంచి పూర్ణచంద్రరావు ముక్కలు తిరగెయ్యడానికి ఎవరైనా రమ్మని కేకేశాడు. ఇద్దరూ చేతులు కడుక్కుని పైకి వెళ్ళారు.